పిల్లలు పుట్టేశాక గర్భసంచి ఎందుకు? మామ్మ, అమ్మ, మనవరాలు: ఒక శరీర చరిత్ర

ఎచ్చెర్ల నుంచి మాట్లాడుతున్నాను. హైవే పక్కన అంబేడ్కర్ యూనివర్సిటీ, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి చూడండి, ఆ ఎచ్చెర్లే. చరిత్ర అనగానే మనకి రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తొస్తాయి. ఈ రోజు చెప్పబోయే చరిత్రకి శాసనాలు లేవు, కోటలు లేవు. అది మన ఇళ్లల్లో ఆడవాళ్ల ఒంట్లో ఉంది.

ముట్టు, కాన్పు, గర్భసంచి అనే మాటలు చాలాసార్లు వస్తాయి. సిగ్గుపడాల్సిన మాటలు కావు ఇవి. అబ్బాయిలూ, స్కిప్ చేయకండి. ఇది మీ అమ్మ సంగతి.

ఒక మాట మీరు వినే ఉంటారు. పిన్నో, పెద్దమ్మో, పక్కింటి అక్కో ఆసుపత్రి నుంచి వస్తారు. ఏమైందంటే, "గర్భసంచి తీయించేసుకున్నాను. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు అది?" అంటారు. వయసు చూస్తే ముప్పై అయిదు కూడా ఉండదు.

ఇదేదో ఒకటి రెండు ఇళ్లల్లో జరిగేది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని అడిగారు. దేశం మొత్తం మీద గర్భసంచి తీసేసినవాళ్లు 100కి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. తర్వాత 2019-21 సర్వేలో కూడా లెక్క పెద్దగా మారలేదు: ఆంధ్రలో 8.7, తెలంగాణలో 8.2, దేశంలో 3.3. అంటే మన తెలుగు రాష్ట్రాల్లో దేశ సగటుకి రెండున్నర రెట్లు. 2015-16 సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి 34 ఏళ్లకో, అంతకన్నా ముందో అయిపోయింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మన తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే ఎక్కువగా పాడవుతాయా? కాదు కదా. మరి ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు కావాలంటే రెండు చరిత్రలు చూడాలి. ఒకటి లక్షల ఏళ్లది, రెండోది యాభై ఏళ్లది. పెద్దదాంతో మొదలుపెడదాం.

అసలు ముట్టు ఎందుకు వస్తుంది?

ఆవుకి ముట్టు రాదు. మేకకి రాదు. కుక్కకి రక్తం కనిపిస్తుంది గానీ, అది మనుషుల్లో వచ్చే ముట్టు లాంటిది కాదు, ఎదకి వచ్చే ముందు కనిపించేది. పాలిచ్చే జంతువులు వేల రకాలు ఉన్నాయి. వాటిలో నిజంగా ముట్టు వచ్చేవి మనుషులు, కోతి జాతుల్లో కొన్ని, కొన్ని రకాల గబ్బిలాలు, ఇంకా ఒకటి రెండు చిన్న జంతువులు. అంతే.

చాలా జంతువుల్లో పిండం వచ్చి అతుక్కున్నాకే గర్భసంచి లోపలి పొర మందంగా తయారవుతుంది. మనుషుల్లో అలా కాదు. పిండం వచ్చినా రాకపోయినా ప్రతి నెలా పొర ముందే సిద్ధమైపోతుంది. ఎందుకు? మనిషి పిండం చాలా దూకుడు మనిషి అనుకోండి. తల్లి రక్తనాళాల దాకా లోతుగా చొచ్చుకుపోతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి, సరిగా ఎదగని పిండాన్ని తొందరగా వదిలించుకోవడానికి తల్లి శరీరం ముందు జాగ్రత్తగా ఈ పొరని కడుతుందని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. పిండం రాకపోతే ఆ పొర రాలిపోతుంది. అదే ముట్టు. "మైల", "చెడు రక్తం" అని మన పెద్దవాళ్లు అనేది ఈ పొరనే. అందులో చెడు ఏమీ లేదు. తల్లి ప్రాణానికి కట్టిన అడ్డుగోడ అది.

ఇక్కడో చిక్కుంది. పరిణామం ఈ ఏర్పాటు చేసింది ప్రతి నెలా, ముప్పై అయిదేళ్లపాటు, విరామం లేకుండా నడవడానికి కాదు. ఆ సంగతి తెలియాలంటే మనం కొంచెం దూరం వెళ్లాలి, ఆఫ్రికాలోని మాలి దేశానికి.

ఎవరికి ఎన్ని ముట్లు?

మాలిలో డోగోన్ అనే వ్యవసాయ జాతి ఉంది. మన పాత ఇళ్లల్లో "బయట చేరింది" అంటే వేరే గదిలోనో, వసారాలోనో కూర్చోబెట్టేవారు కదా. డోగోన్ ఊళ్లలో కూడా ముట్టు వచ్చిన ఆడవాళ్లు ఊరి చివర గుడిసెలో పడుకునేవారు. బెవర్లీ స్ట్రాస్‌మన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980లలో అక్కడ ఉండి, దాదాపు రెండేళ్లపాటు ఏ రాత్రి ఎవరు గుడిసెలో ఉన్నారో రాసుకుంది. గుడిసెకి వచ్చినవాళ్లకి నిజంగా ముట్టేనా అని హార్మోన్ పరీక్షలతో సరిచూసుకుంది కూడా. లెక్క తేలింది ఏంటంటే, కుటుంబ నియంత్రణ లేని ఆ ఊళ్లలో ఒక ఆడమనిషికి జీవితం మొత్తంలో వచ్చే ముట్లు సుమారు 100. ఈ కాలపు నగర స్త్రీకి 400 పైనే.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కువ కాన్పులు, ఎక్కువ కాలం చనుబాలు. బిడ్డ తరచుగా పాలు తాగుతుంటే తల్లి మెదడు అండం విడుదలని ఆపేస్తుంది. ఆఫ్రికాలోనే కలహారి ఎడారిలో వేటాడి, దుంపలు ఏరుకుని బతికే కుంగ్ జనాన్ని 1970లలో చూసినవాళ్లు, అక్కడి బిడ్డలు గంటకి నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా పాలు తాగుతారని రాశారు. అక్కడ ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య దాదాపు 44 నెలలు. మాత్రలు లేవు, లూప్ లేదు. చంటిబిడ్డే కాపలా.

ఇప్పుడు తిరిగి ఎచ్చెర్ల వచ్చేద్దాం. మన ప్రాంతంలో ఒక ఇల్లు ఊహించుకోండి. నేను వేసే లెక్క సుమారు లెక్కే, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మామ్మ. 15 ఏళ్లకి సమర్తాడింది. ఎనిమిది కాన్పులు. ప్రతి కాన్పుకీ మోసిన నెలలు, పాలిచ్చిన నెలలు కలిపి రెండున్నరేళ్లు ముట్టు లేదనుకుందాం. 46కి ఆగిపోయింది. మిగిలింది 11 ఏళ్లు. ఏడాదికి 13 చొప్పున, సుమారు 140 ముట్లు.

అమ్మ. 13కి పెద్దమనిషి అయింది. 17కి పెళ్లి, ఇద్దరు పిల్లలు, 23కి ఆపరేషన్. ముట్టు ఆగింది మొత్తం మూడు నాలుగేళ్లు. గర్భసంచి ఉండనిస్తే 46 దాకా సుమారు 380 ముట్లు.

మనవరాలు. 12కే మొదలు. చదువు, ఉద్యోగం, 28 తర్వాత పిల్లలు. ఆర్నెల్లకి పాలడబ్బా. 430 పైమాటే.

మూడే తరాలు. అదే ఊరు, అదే రక్తం. ముట్ల లెక్క మాత్రం మూడు రెట్లు. మనలాంటి మనుషులు భూమ్మీద తిరగడం మొదలై మూడు లక్షల ఏళ్లు అయింది. ఇంత కాలంలో ఏ తరానికీ ఇంత వేగంగా ఈ మార్పు రాలేదు. శరీరానికి దీని సంగతి తెలియదు. అది పాత లెక్కనే నడుస్తోంది.

లెక్క పెరిగితే ఏమవుతుంది?

ప్రతి నెలా ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ పెరుగుతాయి, తగ్గుతాయి. రొమ్ములో, అండాశయంలో, గర్భసంచి పొరలో కణాలు విడిపోయి కొత్తవి పుడతాయి. కణం విడిపోయిన ప్రతిసారీ తప్పు జరిగే అవకాశం కొంచెం ఉంటుంది. అందుకే రొమ్ము కేన్సర్, అండాశయ కేన్సర్, గర్భసంచి పొర కేన్సర్ కాన్పులు తక్కువైన చోట్ల ఎక్కువ కనిపిస్తాయి. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. ఇటలీ డాక్టర్ రమజ్జీని 18వ శతాబ్దం మొదట్లోనే, కాన్వెంట్లలో ఉండే సన్యాసినులకి రొమ్ము కేన్సర్ ఎక్కువ వస్తోందని రాశాడు. కారణం ఆయనకి తెలియదు. 2002లో 30 దేశాల సమాచారం కలిపి చూస్తే, ప్రతి కాన్పుకీ రొమ్ము కేన్సర్ ముప్పు 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ఇంకో 4.3 శాతం తగ్గుతున్నట్టు తేలింది.

ఫైబ్రాయిడ్ గడ్డలు, ఎండోమెట్రియోసిస్ లాంటివి కూడా ఈ నెలనెలా హార్మోన్లతో ముడిపడినవే. నెలకి 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతే దాంతో ఇనుము కూడా పోతుంది. మామ్మ తిన్న చోడి అంబలి పోయి, మూడు పూటలా పాలిష్ బియ్యం వచ్చింది. 2019-21 సర్వేలో ఆంధ్రాలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. దీనికి తిండి ఒక్కటే కారణం కాదు, ముట్ల లెక్క ఒక్కటే కూడా కాదు. రెండూ కలిసినప్పుడు నీరసం ఎలా ఉంటుందో హాస్టల్లో ఉండే అమ్మాయిలకి నేను చెప్పక్కర్లేదు.

చుట్టూ ఉన్న పరిస్థితి కూడా అండాశయం మీద పనిచేస్తుంది. పోలండ్ పల్లెల్లో పొలం పని చేసే ఆడవాళ్ల లాలాజలం పరీక్షిస్తే, కోతల కాలంలో కష్టం పెరిగినప్పుడు ప్రొజెస్టరాన్ తగ్గింది. ఒళ్లు హూనమయ్యే నెలల్లో "ఇప్పుడు బిడ్డ వద్దు" అని శరీరం తనే సర్దుకుంటుందన్నమాట. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి చిన్నప్పుడే లండన్ వెళ్లిపోయిన అమ్మాయిల్ని చూస్తే, సిల్హెట్‌లోనే ఉన్నవాళ్లకన్నా ఈ హార్మోన్ ఎక్కువ. అదే జాతి, వేరే నీళ్లు, వేరే తిండి. మన నాట్ల మళ్లలో రోజంతా నడుం వంచిన మామ్మకీ, ఏసీ గదిలో పది గంటలు కూర్చునే మనవరాలికీ ఒకే జన్యువులు ఉన్నా, ముట్టు ఒకేలా ఎందుకుండదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక యాభై ఏళ్ల చరిత్ర

ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో 62 లక్షలు మగవాళ్లవి. బలవంతంగా చేశారని జనం మండిపడ్డారు, 1977లో ప్రభుత్వమే పడిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పెద్దగా వెళ్లలేదు. భారం దాదాపు మొత్తం ఆడవాళ్ల మీద పడింది.

దేశంలో ఆ భారం అందరికన్నా ఎక్కువ మోసినవాళ్లలో మన వాళ్లు ముందుంటారు. 2019-21 సర్వేలో ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో 69.6 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది. దేశ సగటు 37.9. పెళ్లి తొందర, కాన్పులు తొందర, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఊళ్లో "ఆపరేషన్ అయిపోయింది" అంటే ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు కూడా.

నా ఉద్దేశంలో "ఇంకెందుకు అది" అనే మాట పుట్టింది ఇక్కడే. పాతికేళ్లకే పిల్లల సంగతి ముగిసిపోతే, ఆ తర్వాత ఇరవై ఏళ్లు గర్భసంచి అంటే నెలనెలా రక్తం, నొప్పి, తెల్లబట్ట, కూలికి వెళ్లలేని రోజులు. అంతే మిగిలింది. జీడితోటలో పనికి వెళ్లినా, ఇటుకబట్టీకి వలస వెళ్లినా మరుగు ఉండదు, నీళ్లుండవు. ఒక్క రోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. దానికి తోడు ఎవరో ఒకరు "ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది" అని భయపెడతారు. ఆ ఆడమనిషి నిర్ణయాన్ని తెలివితక్కువ అని నేను అనను. ఆమె ముందున్న దారుల్లో అదే దగ్గరిదారిలా కనిపించింది. ట్యూబెక్టమీ అయినవాళ్లలో తర్వాత గర్భసంచి తీయించుకునేవాళ్లు ఎక్కువని సర్వేల మీద చేసిన పరిశోధనల్లో కూడా కనిపించింది. మొదటిది రెండోదానికి కారణమని కాదు. ఆ దారిలో పడిన ఆలోచన ఒక్కటే.

తర్వాత ఆరోగ్యశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. గుండె ఆపరేషన్లు, కేన్సర్ వైద్యం పేదవాళ్లకి అందాయి, అది కాదనలేం. కానీ గర్భసంచి ఆపరేషన్లు కూడా కార్డు మీద పెరిగాయని గొడవ వచ్చి, కొన్నేళ్లకి ప్రభుత్వం ఈ పథకంలో వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది.

ఇది ఆంధ్రా ఒక్కదాని కథ కాదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకి వెళ్లే ఆడవాళ్లు పని ఆగకూడదని గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటపడింది. రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్ ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసర గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో చేసిన మార్గదర్శకాల్ని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. 40 ఏళ్లలోపు ఆడవాళ్లకి చేసే ప్రతి ఆపరేషన్ వివరం, కారణం నమోదు కావాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది.

తీసేస్తే పోయేదేంటి?

గర్భసంచితో పాటు చాలాసార్లు అండాశయాలు కూడా తీసేస్తారు. అప్పుడు ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన వయసు వచ్చేస్తుంది. ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం. అండాశయాలు ఉంచినా, అవి ముందుగా ఆగిపోయే అవకాశం ఉంది.

ఇక్కడ పరిణామం మనకి ఇంకో మంచి సంగతి చెప్తుంది. చాలా జంతువుల్లో ఆడది చివరిదాకా కంటూనే ఉంటుంది. మనిషిలో మాత్రం కాన్పులు ఆగాక కూడా ఆడమనిషి ఇరవై, ముప్పై ఏళ్లు గట్టిగా బతుకుతుంది. ఎందుకు? టాంజానియాలో హడ్జా జనంతో పనిచేసిన క్రిస్టెన్ హాక్స్ బృందం ఒక జవాబు చెప్పింది. అక్కడ మామ్మలు రోజంతా దుంపలు తవ్వి తెస్తారు. ఆ తిండితో మనవలు బతుకుతారు, కూతురు తొందరగా ఇంకో బిడ్డని కనగలుగుతుంది. మామ్మ ఉన్న ఇంటి పిల్లలు నిలబడ్డారు కాబట్టే మనిషికి ఇంత ఆయుష్షు వచ్చిందని వాళ్ల వాదన. దీని మీద ఇంకా చర్చ ఉంది. అయినా మన ఊళ్లు చూడండి. అమ్మానాన్నలు చెన్నైకో, హైదరాబాద్‌కో వలస వెళ్తే పిల్లల్ని పెంచేది ఎవరు? పిల్లలు కనడం ఆగినంత మాత్రాన ఆడమనిషి శరీరం పని ముగిసిపోదు. ఆ ముప్పై ఏళ్లకి గట్టి ఎముకలు, గట్టి గుండె కావాలి.

రెండు ప్రశ్నలు

కామెంట్లలో తప్పకుండా వచ్చేవి ఇవి. మొదటిది: "అయితే మళ్లీ ఎనిమిదిమందిని కనమంటారా?" వద్దు. పాత రోజులు బంగారు రోజులు కావు. మామ్మ ఎనిమిది కంటే ఎంతమంది దక్కారో మీ ఇంట్లో అడగండి. 2001-03లో ఆంధ్రాలో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20కి అది 45కి తగ్గింది. మంత్రసాని నుంచి విజయనగరం ఘోషాసుపత్రి దాకా, అక్కడి నుంచి 108 దాకా వచ్చిన దారి అది. తక్కువ కాన్పులు, ఆసుపత్రి కాన్పులు ప్రాణాలు నిలబెట్టాయి. మనకి కావాల్సింది వెనక్కి వెళ్లడం కాదు, కొత్త జీవితానికి తగ్గ వైద్యం.

రెండోది: "ప్రతి నెలా ముట్టు రాకపోతే ప్రమాదమా?" కారణం తెలియకుండా ఆగిపోతే తప్పకుండా చూపించుకోవాలి. కానీ డాక్టర్ ఇచ్చిన హార్మోన్ మందుతోనో, హార్మోన్ లూప్‌తోనో ముట్టు తగ్గితే చెడు రక్తం లోపల పేరుకుపోదు. పొర పలచగా ఉంటుంది, అంతే. నిజానికి 1960లో అమెరికాలో అనుమతి వచ్చిన గర్భనిరోధక మాత్రలో నెలకోసారి విరామం పెట్టింది ఒంటికి అవసరమని కాదు, ఆడవాళ్లకి సహజంగా అనిపించాలని. ఆ మాత్రలు అండాశయ కేన్సర్ ముప్పు తగ్గిస్తాయని తర్వాత తేలింది. అందరికీ పడవు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లున్నారు. డాక్టర్‌ని అడక్కుండా వాడకండి.

గర్భసంచి తీయాల్సిన జబ్బులు ఉన్నాయి. కేన్సర్, మందులకి లొంగని రక్తస్రావం, బాగా జారిపోవడం. అప్పుడు ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. కాబట్టి ఆపరేషన్ వద్దు అని నేను చెప్పడం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా తీసేయాలి అంటే, ఫోన్ పట్టుకుని వెంట వెళ్లేది మీరే. ఈ నాలుగు మాటలు అడగండి. జబ్బు పేరేంటి, రిపోర్టులో ఎక్కడ రాసి ఉంది? ముందు మందులతోనో, హార్మోన్ లూప్‌తోనో చూడొచ్చా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఇంకో డాక్టర్‌కి చూపించి రావడానికి టైం ఉందా? అత్యవసరం కానప్పుడు ఈ ప్రశ్నలకి ఏ మంచి డాక్టరూ కోప్పడరు. తెల్లబట్ట అయితే ముందు పరీక్ష చేయించండి. చాలాసార్లు అది మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఈ రోజు ఇంటికి వెళ్లాక మామ్మనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. ఎన్నేళ్లకి సమర్తాడావు, ఎన్ని కాన్పులు, ఒక్కో బిడ్డకి ఎన్నాళ్లు పాలిచ్చావు, ఎప్పుడు ఆగింది? నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత అమ్మని అడగండి. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ల చరిత్ర నాకు తెలిసి ఎవరూ అలా రాసిపెట్టలేదు. అడగడానికి ఆ మామ్మలు ఇంకెన్నాళ్లు ఉంటారు?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.